గ్యాస్ ఎక్కడికి పోయింది?

మా వీధి మలుపులో పాలు, పెరుగు, ఐస్‌క్రీమ్ అమ్మే కొట్టావిడ ఈ వారం పాత డీప్ ఫ్రీజర్‌ని ఇనుపసామాన్ల వాడికి అమ్మేసి కొత్తది దింపించింది. నాకు ఒళ్ళు మండింది. ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా జబ్బు తెలిసిందే. మా టేబుల్ ఫ్యాన్ మీద, మిక్సీ మోటారు వైండింగ్ మీద ఇక్కడ ఎంత సిరా ఒలకబోశానో! పారేసేముందు ఒకసారి విప్పి చూడండర్రా అన్నదే నా పాట.

"ఏమొచ్చిందమ్మా దానికి?" అన్నాను.

"ఏటా వేసవికి గ్యాస్ అయిపోతోంది మాస్టారూ."

ఇక్కడ నా రెండో పాట ఎత్తుకోక తప్పదు. ఫ్రీజర్‌లో గ్యాస్ అయిపోదు. బండిలో పెట్రోలులా ఖర్చయ్యే సరుకు కాదది. కంప్రెసర్ నొక్కితే కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, క్యాపిలరీ దాటాక లోపలి గొట్టాల్లో మరిగి వేడిని లాక్కుంటుంది, తిరిగి కంప్రెసర్‌కే వస్తుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. నైట్రోజన్ పట్టి, సబ్బునురగ రాసి ఆ చోటు వెతక్కుండా గ్యాస్ పట్టేసి డబ్బు తీసుకుపోయే మెకానిక్ వచ్చే ఏడాది బేరం కూడా ఇప్పుడే ఖాయం చేసుకున్నట్టు.

మా చిన్నప్పుడు ఆకివీడు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఉండేది. చేపల లారీలు కలకత్తా వెళ్ళాలంటే ముందు దాని గుమ్మం ముందు ఆగాల్సిందే. లోపల అమ్మోనియా కంప్రెసర్, మనిషెత్తు చక్రం, దానికి బెల్టు. నేలలో ఉప్పునీళ్ళ తొట్టి, దాని మీద చెక్క మూతలు, ఒక్కో మూత కింద నీళ్ళు పోసిన ఇనుప డబ్బా. గడ్డకట్టిన డబ్బాను మామూలు నీళ్ళలో ముంచితే దిమ్మ జారి బయటికొచ్చేది. దాన్ని చూడ్డానికే స్కూలు ఎగ్గొట్టి పోయేవాళ్ళం. అక్కడి ఆపరేటర్‌ని అందరం ఐసు మావయ్య అనేవాళ్ళం. గంటగంటకీ గేజీలు చూసి సక్షన్ ప్రెషర్, హెడ్ ప్రెషర్ పుస్తకంలో రాసేవాడు. అమ్మోనియాతో నూనె కలవదు కాబట్టి అడుగున చేరిన నూనెను వేళకి తీసేసేవాడు. ముక్కు మండితే గంధకం పుల్ల వెలిగించి జాయింటు జాయింటుకీ తిప్పేవాడు. తెల్లటి పొగ లేచిన చోట లీకు. బోల్టు బిగించడమో, ప్యాకింగ్ మార్చడమో అప్పటికప్పుడే. అమ్మోనియా ఊపిరి తీసే విషం, మావయ్యకి ఆ భయం ఉంది. పుస్తకం ఒక్క గంట తప్పకపోవడానికి సగం కారణం ఆ భయమే అనుకుంటాను. ఆ మిషను అతనికంటే ముందునుంచీ ఉంది, అతను మానేశాకా తిరిగింది.

ఇలా రాస్తూ పోతే చివరికి కొట్టావిడకి ఐసు మావయ్యని చూసి నేర్చుకోమని చెప్పాలి. చెబుదామనే వెళ్ళాను కూడా. కానీ మావయ్య మిషను విప్పడానికి కట్టింది. ప్రతి భాగానికీ బోల్టుంది. కొట్టులో ఫ్రీజర్ కంప్రెసర్‌ని డొప్పలో పెట్టి వెల్డింగ్ చేసేశారు. చల్లబరిచే గొట్టాలు లోపలి గోడకి చుట్టి, పైన పఫ్ అనే గట్టి నురగ పోసేశారు. లీకు ఆ పఫ్ వెనకాల వస్తే గంధకం పుల్లకీ అందదు, సబ్బునురగకీ అందదు. ఈవిడ ఫ్రీజర్‌కి వచ్చింది అదే. మనం చేయగలిగేదంతా బయటి పనే: కండెన్సర్ దుమ్ము దులపడం, గోడకి జానెడు ఎడం ఉంచడం, తలుపు రబ్బరు వదులైతే మార్చడం, మంచు పేరుకోనివ్వకపోవడం, స్టెబిలైజర్ పెట్టడం. ఇవన్నీ చేసినా లోపల గొట్టం చిల్లిపడితే ఆ బతుకు అంతే. గ్యాస్ చాలక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, ఐస్‌క్రీమ్‌కి కావలసిన మైనస్ 18 డిగ్రీలు రావు, కరెంటు బిల్లు మాత్రం వస్తుంది. ఆవిడ మార్చడం సబబే. రెండో వేసవికే మార్చాల్సింది.

పైగా కారిపోయిందేమిటి? పాతదాంట్లో ఉన్నది ఆర్-134ఎ. బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే భూమిని వేడెక్కించడంలో సుమారు 1,430 రెట్లు. పావు కిలో గాలిలో కలిస్తే నూటయాభై లీటర్ల పెట్రోలు తగలబెట్టినంత. ఏటా పట్టించిందీ, ఏటా పోయిందీ అదే. కొత్తదాంట్లో ఆర్-290, అంటే ప్రొపేన్. భూమికి దాని బాధ దాదాపు లేనట్టే. మంట అంటుకునే గుణముంది కాబట్టి గ్యాస్ లోపలుండగా టార్చి పెట్టే మెకానిక్‌ని దాని దరిదాపుల్లోకి రానివ్వకూడదు. కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది, దాని ప్రకారం ఆర్-134ఎ లాంటి గ్యాసులు 2032 నుంచి తగ్గించుకుంటూ రావాలి. ఈలోగా ఊళ్ళో ఉన్న పాత ఫ్రీజర్లన్నీ ఎలా చస్తాయన్నది నా దిగులు. ఎందుకంటే ఆ ఇనుపసామాన్ల వాడు రాగి కోసం గొట్టం కట్ చేశాడు. బుస్సుమంది. చివరిసారి పట్టించిందాంట్లో మిగిలిందంతా అక్కడే పోయింది.

కొట్టావిడ గోడౌన్లో ఇంకో పాతది ఉందట. దాన్ని అమ్మేలోగా గ్యాస్ సిలిండర్లోకి లాగి పెట్టించమని మెకానిక్‌కి ఫోన్ చేశాను. లాగే మిషను తన దగ్గర లేదన్నాడు. అద్దెకి తెచ్చుకోమన్నాను. ఖర్చెవరిస్తారన్నాడు. ఆవిడా నేనూ చెరిసగం అన్నాను. కాసేపు ఊరుకుని, "సరే సార్, లాగుతాను. లాగిన గ్యాస్ ఎవరికివ్వమంటారు?" అన్నాడు.

ఎవరికివ్వాలో చెప్పగలిగే పాఠకులెవరైనా ఉంటే రాయండి. అతను ఆదివారం దాకా ఆగుతానన్నాడు.