టక్కుమన్న చోటు

అంబాజీపేట మార్కెట్‌కి కొబ్బరికాయలు మోసే పాత టాటా ఏస్ ఒక్కోసారి క్లచ్ వదలగానే వెనక ‘టక్’మంటుంది. పరుగందుకుంటే ఆ చప్పుడు మాయం. చిక్కంతా అక్కడే.

మంచి మెకానిక్ వెంటనే పానా పట్టడు. “బాబాయ్, ఓసారి రివర్స్ వేసి మళ్లీ ముందుకి పోనివ్వండి” అని చెవి ఒగ్గి నిలబడతాడు. తర్వాత చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, కిందకి దూరతాడు. ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటుకి ఇటో చెయ్యి, అటో చెయ్యి వేసి ఎదురెదురుగా మెలిపెడతాడు. క్రాస్ బేరింగ్ లూజు వేళ్లకి తెలిసిపోతుంది. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి ఉంటే గ్రీజు ఎండి లోపలి సూదులు అరిగాయన్నమాట. అక్కడ బాగుంటే డిఫరెన్షియల్, ఇంజిన్ మౌంటింగులు, కమాను కట్టల యూ బోల్టులు చూడాలి.

షాఫ్ట్‌తో నడిచే చాలా మోటార్‌సైకిళ్లదీ ఇదే కథ. పాతబడ్డ వాటిలో స్ప్లైన్ల అరుగుదలా చూసుకోవాలి.

నాకు అన్నిటికంటే నచ్చేది ఒక చిన్న గీత. షాఫ్ట్ ఊడదీసే ముందు మెకానిక్ రెండు ఫ్లాంజిల మీదా కలిపి గీస్తాడు. మళ్లీ ఆ గీత కలవకుండా బిగిస్తే చప్పుడు పోయినా వణుకు మొదలవ్వచ్చు. ఆ జాగ్రత్తకి ఎవరూ విడిగా కూలి ఇవ్వరు. అయినా గీస్తాడు.

“ఆయ్, ఇప్పుడు పోనివ్వండి బాబాయ్.”