పైల్సు పని బరువు మోయుటయేనా?

మెత్తని నేలపై పెద్ద కట్టడము కట్టవలసి వచ్చినప్పుడు, భూమిలోనికి లోతుగా కాంక్రీటు స్తంభములను దింపి వాటిపై పునాది వేయుదురు. ఈ స్తంభములనే ఇంజనీర్లు పైల్సు అందురు. 'పై మన్ను బలహీనమైనచో బరువంతయు పైల్సు మోయును' అనునది పరిచయ పాఠములలో సాధారణముగా కనిపించు వివరణ. ఇది తప్పు కాదు గాని, సగము నిజము మాత్రమే. మిగిలిన సగమును విడిచిపెట్టుటవలన ఒకచోట ధనము వృథా యగుచున్నది. మరొకచోట లేని ధైర్యము కలుగుచున్నది.

ఏ పునాదిని గూర్చియైనను అడుగవలసిన ప్రశ్నలు రెండు. నేల విరిగి కట్టడము కూలిపోవునా? కూలకున్నను, ఎంత కుంగును, అన్ని వైపుల సమముగా కుంగునా? గట్టి బంకమన్ను నేలలో మొదటి ప్రశ్నకు రాఫ్టు, అనగా కట్టడము క్రింద పరచిన వెడల్పయిన కాంక్రీటు పలక, తానొక్కతియే తరచు సమాధానము చెప్పగలదు. చిక్కంతయు రెండవ ప్రశ్నతోనే. బంకమన్ను రేణువుల నడుమ నీరుండును. బరువు పడినప్పుడు ఆ నీరు సన్నని సందుల గుండ మెల్లమెల్లగా తొలగిపోవును. ఆ మేరకు మన్ను కుదించుకొనును. పెరుగును గుడ్డలో మూటగట్టి పైన రాయి పెట్టినచో నీరు కారి ముద్ద చిక్కబడుట వంటిదే ఇది. కార్ల్ టెర్జాగీ 1920ల కాలమున ఈ క్రియను గణితబద్ధము చేసెను. కట్టడము పూర్తియైన పిదప గూడ ఇది ఏండ్ల తరబడి సాగవచ్చును.

పాత పద్ధతి లెక్కలలో రాఫ్టు క్రింది మన్ను ఏమియు మోయదని భావించి, మొత్తము బరువును పైల్సుకే అప్పగించెడివారు. ఒక్కొక్క పైలుకు దాని శక్తిలో సగమో, అంతకు తక్కువయో బరువు కేటాయించుటచే పైల్సు సంఖ్య పెరిగిపోయెడిది. 1977లో టోక్యోలో జరిగిన అంతర్జాతీయ మృత్తికా యాంత్రికశాస్త్ర మహాసభలో బర్లాండ్, బ్రోమ్స్, డిమెల్లో అను శాస్త్రజ్ఞులు మరియొక మార్గమును సూచించిరి. రాఫ్టు కూలదు గాని ఎక్కువగా కుంగునన్నచో, ఆ కుంగుబాటును తగ్గించుటకు కావలసిన కొద్ది పైల్సు చాలును. కూలకుండ కాచుట రాఫ్టు వంతు గనుక, ఆ పైల్సు తమ పూర్తి శక్తితో పనిచేసినను భయము లేదు.

ఈ దారిలో నడచిన కట్టడములలో ప్రసిద్ధమైనది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున 1988–91 నడుమ నిర్మించిన మెస్సెటూర్మ్. దాని ఎత్తు 256 మీటర్లు. ఆ నగరపు బంకమన్నుపై కేవలము రాఫ్టుతో కట్టిన పూర్వపు భవనములలో కొన్ని 20 సెంటీమీటర్లకు మించి కుంగినవి. మెస్సెటూర్మ్ రాఫ్టు క్రింద 64 పైల్సు మాత్రమే గలవు. కొలతలనుబట్టి అవి రమారమి సగము బరువును మోయుచుండగా, మిగిలినది రాఫ్టు క్రింది మన్నే మోయుచున్నది. భవనము సుమారు 14 సెంటీమీటర్లు కుంగెను. కుంగుబాటును సున్న చేయుట గాక, కట్టడము ఓర్చుకొనునంతకు తగ్గించుటయే ఇచ్చట సాధించిన విజయము.

అయినను ఈ భావమునకు హద్దులు గలవు. క్రొత్తగా పోసిన మెరకమట్టి వలన గాని, భూగర్భజలమును తోడుట వలన గాని నేల తనంతట తానే కుంగినచో, రాఫ్టునకు మన్నుతో గల పొత్తు తెగును. దిగజారు మన్ను పైల్సును గూడ క్రిందికి లాగును. అప్పుడు ఇద్దరు మోయవలసిన బరువు ఒక్కరిపైననే పడును. మిక్కిలి మెత్తని నేలలో రాఫ్టును నమ్మి పైల్సు తగ్గించుట ప్రమాదకరము.

పైల్సు ఎక్కువైనంత మాత్రమున గూడ నిశ్చింత లేదు. ఒంటరి పైలును పరీక్షించి, అది కొద్ది మిల్లీమీటర్లే కుంగినదని సంతోషించుట చాలదు. దాని ఒత్తిడి దాని చుట్టుప్రక్కలనే అణగును. వందల పైల్సు గుంపుగా చేరినచో, అవన్నియు లోతున వేసిన ఒకే వెడల్పయిన పునాదివలె పనిచేసి, క్రింది పొరలను గూడ నొక్కును. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009లో పూర్తియైన 58 అంతస్తుల మిలీనియం టవర్ పైల్సు శిలను చేరక ఇసుక పొరలో ఆగినవి. ఆ ఇసుక క్రింద బంకమన్ను గలదు. 2016 నాటికి భవనము సుమారు 40 సెంటీమీటర్లు కుంగి, ఒక ప్రక్కకు ఒరిగినట్లు వెల్లడియయ్యెను. ప్రక్కన జరిగిన త్రవ్వకముల పాత్ర ఎంతయను వివాదము లేకపోలేదు. 2023లో ముగిసిన మరమ్మతులో 18 క్రొత్త పైల్సును శిలవరకు దింపి, కొంత బరువును వాటిపైకి మార్చిరి.

కావున 1977 నాటి సూచన విలువ పైల్సును తగ్గించుటలో మాత్రమే లేదు, 'ఎన్ని పైల్సు?' అను ప్రశ్నకు ముందు 'ఎందులకు పైల్సు?' అను ప్రశ్నను నిలుపుటలో గలదు. తరగతిలో పైలు బొమ్మను గీయునప్పుడు దాని కొనవద్ద ఆగక, ఆ కొన క్రింద ఏ పొర గలదో దానిని గూడ గీసి చూపుట మంచిది. కట్టడపు భవిష్యత్తు తరచు ఆ పొరపైననే ఆధారపడియుండును.