లెక్కల్లో మేం, మాటల్లో లేం

ఒక మేధావి పుస్తకాలను వరసగా పేర్చి, లోపలికి పోకుండా ఒట్టి పేర్లు చదివినా ఒక్కోసారి కథంతా తెలిసిపోతుంది. మాథ్యూ గుడ్విన్ అనే బ్రిటిష్ రాజనీతి శాస్త్రవేత్త పుస్తకాలు అలాంటివి. 2011లో 'న్యూ బ్రిటిష్ ఫాసిజం'. 2014లో రాబర్ట్ ఫోర్డ్‌తో కలిసి 'రివోల్ట్ ఆన్ ది రైట్'. 2018లో రోజర్ ఈట్‌వెల్‌తో కలిసి 'నేషనల్ పాపులిజం'. 2023లో 'వాల్యూస్, వాయిస్ అండ్ వర్చ్యూ'. ఫాసిజంతో మొదలై, తిరుగుబాటు మీదుగా, జాతీయ పాపులిజం దాకా వచ్చి, విలువలు, గొంతు, సుగుణం దగ్గర కూర్చుంది. ఈ పార్టీలన్నీ ఒకటి కాదు, మాకు తెలుసు. బ్రిటిష్ నేషనల్ పార్టీ వేరు, యూకిప్ వేరు. కానీ పన్నెండేళ్లలో పేర్లు ఇంత మెత్తబడ్డాయి గదా, ఆ పేర్ల కింద ఉన్న రాజకీయం మా విషయంలో ఏమన్నా మెత్తబడిందా?

ఎక్కడో ఇంగ్లండులో ఒక ప్రొఫెసరు ఏదో రాసుకుంటే మనకేంటని అడిగే మిత్రులున్నారు. మనకే. యూరపులో ఒక జాత్యహంకార పార్టీ లేచిన ప్రతిసారీ దాన్ని వివరించడానికి పీఠాలు, సర్వేలు, సెమినార్లు లేస్తాయి. వివరణ చేతులు మారుతూ మారుతూ సమర్థన అవుతుంది. 'జనాగ్రహం', 'మెజారిటీ ఆవేదన', 'బుజ్జగింపుకి ప్రతిక్రియ' అనే మాటలు మన పత్రికల్లో కూడా రోజూ కనిపిస్తున్నవే. ఏ టంకశాలలో వీటికి ముద్ర పడుతుందో చూడకుండా వీటికి జవాబు చెప్పలేం.

ఆయన ఉద్యోగ చరిత్ర క్లుప్తంగా ఇదీ. బాత్ యూనివర్సిటీలో పరిశోధన. తర్వాత మాంచెస్టర్, నాటింగ్‌హామ్, కెంట్ యూనివర్సిటీలు. 2010ల మొదటి సగంలో ముస్లిం ద్వేషాన్ని ఎదుర్కోడానికి బ్రిటన్ ప్రభుత్వం పెట్టిన కార్యవర్గంలో సభ్యుడు. అవును, మా మీది ద్వేషాన్ని ఎలా తగ్గించాలో సర్కారుకి సలహా ఇచ్చినవాడు. 2024లో కెంట్ వదిలేశాడు. జీబీ న్యూస్ తెర మీదికి వెళ్లాడు. 2026 జనవరిలో నైజెల్ ఫరాజ్ గారి రిఫార్మ్ పార్టీ ఆయన్ని గార్టన్-డెంటన్ ఉప ఎన్నికలో తన అభ్యర్థిగా ప్రకటించింది. ఆ ఎన్నికలో ఎవరు గెలిచారన్నది మాకిక్కడ ముఖ్యం కాదు. చెట్టెక్కి పిట్టల్ని లెక్కపెట్టినవాడు గూట్లోనే కాపురం పెట్టాడు, మా దృష్టి దాని మీద.

'మారిపోయాడు' అని తేల్చేస్తే పని సులువే. మనిషి మారడం నేరమూ కాదు. 2017 ఎన్నికల్లో లేబర్ పార్టీకి 38 శాతం ఓట్లు రావని, వస్తే తన పుస్తకం తినేస్తానని ప్రకటించాడు. 40 శాతం వచ్చాయి. టీవీలో అందరూ చూస్తుండగా నిజంగానే బ్రెగ్జిట్ మీద రాసిన పుస్తకం కాగితాలు నమిలాడు. మాట మీద నిలబడ్డ పండితులు మన దగ్గర తక్కువే, అందుకు మెచ్చుకుందాం. కానీ మాకు అనుమానం మనిషి మీద కాదు, పద్ధతి మీద. ఆ మార్పుకి కావలసిన విత్తనం మొదటి రోజుల మంచి పరిశోధనలోనే ఉందని మా వాదన.

మంచి పరిశోధన అని ఊరికే అనలేదు. బ్రిటిష్ నేషనల్ పార్టీ 2009లో ఇద్దరు సభ్యుల్ని యూరోపియన్ పార్లమెంటుకి పంపిన కాలం అది. తక్కిన పండితులు ముక్కు మూసుకుని దూరంగా నిలబడితే ఈయన ఆ పార్టీ కార్యకర్తల దగ్గరికి పోయి కూచుని, వాళ్లు చెప్పింది విన్నాడు. 2010లో ఫోర్డ్‌తో కలిసి 'యాంగ్రీ వైట్ మెన్' అనే వ్యాసం రాశాడు. ఆ పార్టీకి ఓట్లేసేది ఎవరు? ఉత్తర ఇంగ్లండు, మిడ్‌లాండ్స్ ప్రాంతాల్లో దెబ్బతిన్న పరిశ్రమల పట్టణాల్లో ఉండే, చదువు తక్కువైన, వయసు మీరిన తెల్ల మగ కార్మికులు. ఏ ఊళ్లలో ఆ పార్టీ బలంగా ఉంది? చదువు తక్కువ, ముస్లిం జనాభా ఎక్కువ ఉన్న చోట్ల. అంకెలు అబద్ధం కావు. అంకెల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడాలి. తెల్లవాడు మనిషిగా ఉన్నాడు. అతనికి కోపం ఉంది, భయం ఉంది, నమ్మకం పోవడం ఉంది. ముస్లిం మాత్రం ఊరి జనాభాలో ఒక శాతంగా ఉన్నాడు. ఒకరిది మనసు, ఇంకొకరిది పరిసరం. వాన ఎక్కువ పడే ఊళ్లలో మలేరియా ఎక్కువ అన్నట్టు, ముస్లింలు ఎక్కువ ఉన్న ఊళ్లలో ఫాసిజం ఎక్కువ. వాక్యం ఇలా కుదిరాక, వాన తగ్గితే బాగుండునని అనుకోడానికి ఎంతసేపు పడుతుంది?

ఈ వ్యాకరణం మాకు కొత్త కాదు. వినాయక చవితికో ఎన్నికలకో ముందు మా బస్తీల పేర్లు పేపర్లో 'సమస్యాత్మక ప్రాంతాలు' అని వస్తాయి. రాయి ఎవరు విసురుతారన్నది తర్వాతి సంగతి. మేం కాపురం ఉండటమే సమస్య.

ఇంకాస్త లోపలికి పోదాం. 'రివోల్ట్ ఆన్ ది రైట్' చెప్పిన ప్రధాన సిద్ధాంతం 'వెనకబడిపోయినవాళ్లు'. యూకిప్ 2014 యూరోపియన్ ఎన్నికల్లో మొదటి స్థానానికి ఎలా వచ్చింది? బ్రిటన్ మారిపోతుంటే వెనకే మిగిలిపోయిన, ఏ పెద్ద పార్టీకీ పట్టని తెల్ల కార్మికవర్గం దాని వెనక చేరింది కాబట్టి. బాగుంది. కానీ ఓల్డ్‌హామ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో రాత్రి షిఫ్టు చేసింది ఎవరు? మీర్‌పూర్ నుంచి, సిల్హెట్ నుంచి వచ్చిన మనుషులు. 1960లలో పాకిస్తాన్‌లో మంగ్లా డ్యాం కట్టినప్పుడు మీర్‌పూర్ జిల్లాలో లక్షమందికి పైగా ఇళ్లు నీళ్లలో కలిశాయి. వాళ్లలో ఎంతోమంది ఇంగ్లండు బట్టల మిల్లులకి చేరారు. శ్రీశైలం ముంపు చూసిన వాళ్లకి ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. తర్వాత మిల్లులు మూతపడ్డాయి. తెల్లవాడికి మూతపడ్డ మిల్లే ఖాదర్‌కీ మూతపడింది. ఖాదర్ టాక్సీ నడిపాడు, రాత్రి పదింటిదాకా హోటల్లో గిన్నెలు కడిగాడు. అయినా వెనకబడిపోయిన కార్మికుల పట్టికలో ఖాదర్ లేడు. మిల్లు మూతపడ్డ రోజే అతను కార్మికుడు కాకుండా పోయి ముస్లిం అయ్యాడు. 2001 వేసవిలో ఆ మూడు ఊళ్లూ అల్లర్లలో తగలబడ్డాయి. అదే జూన్‌లో ఓల్డ్‌హామ్‌లోని ఒక నియోజకవర్గంలో నేషనల్ పార్టీ నాయకుడు నిక్ గ్రిఫిన్‌కి 16 శాతం పైగా ఓట్లు పడ్డాయి. ఆ ఓట్ల మీద వచ్చినన్ని వ్యాసాలు, అవే మిల్లుల్లో బతుకు పోగొట్టుకున్న ఖాదర్ మీద వచ్చాయా?

మన వామపక్ష మిత్రులు దీన్ని చదివి తల పంకిస్తారు. వాళ్లనీ ఒకటి అడగాలి. నేతపనివాడు చచ్చిపోతే వర్గ సమస్య, పంక్చర్లు వేసే మదార్ చచ్చిపోతే మైనారిటీ సమస్య ఎట్లా అవుతోంది? దూదేకే యంత్రాలు వచ్చి దూదేకులవాళ్ల బతుకు పోయిన సంగతి ఏ వర్గ పోరాట చరిత్రలో ఎన్ని పేజీలు ఆక్రమించింది?

2018 పుస్తకానికి వచ్చేసరికి స్వరం మారుతుంది. నాలుగు కారణాలు చెబుతారు: పాలకుల మీద అపనమ్మకం, తమ జాతి ఉనికి నాశనమవుతోందన్న భయం, ఆర్థికంగా ఇతరులతో పోల్చుకుంటే నష్టపోయామన్న భావన, పాత పార్టీలతో బంధం తెగడం. ఇందులో రెండోదాని దగ్గర మేం చాలాసేపు ఆగాం. భయం ఉందని సర్వే చెప్పింది, సరే. ఆ భయం ఎవరు నేర్పారు? ఏ పేపరు రోజూ మొదటి పేజీలో నేర్పింది? ఎవరి ఓట్ల కోసం? పుస్తకం వీటి దగ్గర ఎక్కువసేపు నిలవదు. జనం భయపడుతున్నారు, వాళ్లని జాత్యహంకారులని తిట్టకండి, వాళ్ల మాట వినండి అంటుంది. వినాల్సిందే. కానీ మసీదు తలుపు మీద పంది మాంసం వేలాడదీసిన పొద్దున లోపల వజూ చేసుకుంటున్న ముసలాయన భయం? దాన్ని ఏ ప్రశ్నాపత్రంలో ఏ నంబరు కింద అడిగారు? భయానికి కూడా మెజారిటీ, మైనారిటీ ఉంటాయన్నమాట. మెజారిటీ భయం రాజకీయ శాస్త్రం అవుతుంది. మైనారిటీ భయం పోలీసు కేసు అవుతుంది, అదీ కేసు రాసుకుంటే.

2023 పుస్తకంలో వివరించేవాడికీ వివరించబడేవాడికీ మధ్య ఉన్న సన్నటి గోడ కూడా లేదు. పెద్ద చదువులు చదివిన ఉదారవాద 'కొత్త ప్రభువులు' దేశాన్ని పట్టుకున్నారనీ, మెజారిటీ విలువలకి, గొంతుకి చోటు లేకుండా చేశారనీ దాని సారాంశం. మొదటి పుస్తకంలో తను ఎవరి దగ్గర కూచుని విన్నాడో వాళ్ల ఫిర్యాదునే ఇప్పుడు ప్రొఫెసరు గొంతుతో చెబుతున్నాడు. పదేళ్లపాటు వీధికి ఒక పక్క ఇళ్ల తలుపులే తట్టినవాడు ఆ పక్కవాడైపోవడంలో వింత లేదు.

అందరు పరిశోధకులూ ఇలా కాలేదు, అది కూడా చెప్పాలి. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన కాస్ మ్యూడ ఇదే రంగంలో జీవితమంతా గడిపాడు. 2007లో వచ్చిన ఆయన పుస్తకం ఈ పార్టీల నడుమ 'నేటివిజం' ఉందంటుంది. దేశంలో 'సొంత' జాతి వాళ్లే ఉండాలి, 'పరాయి' మనుషులైనా భావాలైనా దేశానికి ముప్పు అనే నమ్మకం అది. ఇది మా శాతం దగ్గర మొదలవదు, వాళ్ల మనసులో ఉన్న దేశం బొమ్మ దగ్గర మొదలవుతుంది. తెలంగాణ పాఠకులు దీన్ని ముల్కీతో కలిపేసుకోవద్దు. ముల్కీ కావడానికి పదిహేనేళ్లు ఉంటే సరిపోయింది. నేటివిజానికి అయిదు వందల ఏళ్లు కూడా చాలవు. కావాలంటే తూర్పు యూరపు రోమా జనాన్ని అడగండి. ఎన్నడో మన దేశం వైపు నుంచి పోయి అక్కడ శతాబ్దాలుగా బతుకుతున్నవాళ్లు ఇంకా పరాయివాళ్లే.

పరాయివాడు నిజంగా వచ్చి ఉండాల్సిన పని కూడా లేదు. స్విట్జర్లాండ్ 2009 నవంబర్ 29న మినార్ల మీద ప్రజాభిప్రాయం తీసుకుంది. 57 శాతం పైగా ఓటర్లు కొత్త మినార్లు వద్దన్నారు. అప్పటికి ఆ దేశం మొత్తమ్మీద ఉన్న మినార్లు నాలుగు! ముస్లింలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న హంగరీలో 2015 నుంచి ఓర్బాన్ నడిపిన రాజకీయమంతా వలసల చుట్టూనే తిరిగింది. 'యాంగ్రీ వైట్ మెన్' పద్ధతిలో ఈ రెంటినీ వివరించబోతే కాలిక్యులేటర్ పనిచెయ్యదు. ఈ ఆలోచనలు బయటినించి పట్టిన జబ్బు కాదనీ, పెద్దమనుషుల మామూలు ఆలోచనలే ముదిరిన రూపమనీ మ్యూడ 2010లో రాశాడు. తురకల మీద మన సామెతలు వింటూ పెరిగినవాళ్లకి అది వెంటనే అర్థమవుతుంది. 2019లో వచ్చిన పుస్తకంలో ఆయన భారతీయ జనతా పార్టీని కూడా ఈ వరసలోనే చర్చించాడు.

ఇక మన ఇంటి సంగతి. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్‌లో ఒక హైదరాబాదీ ఇంజనీరుని 'నా దేశం వదిలి పో' అని అరిచి కాల్చి చంపారు. చంపినవాడు ఆయన్ని ఇరానీ అనుకున్నాడు. అంటే మా లెక్కలో ఒక తెలుగు హిందువు పోయాడు. తెలుగునాడంతా ఏడ్చింది, ఏడవాల్సిందే. మూడేళ్ల తర్వాత హైదరాబాద్ నగరపాలక ఎన్నికల్లో రోహింగ్యాల్ని, పాకిస్తానీల్ని తరమడానికి పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామని ఒక పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు ప్రకటిస్తే ఆ కన్నీళ్లు ఎటు పోయాయి? ఆ పార్టీ బలం నాలుగు డివిజన్ల నుంచి 48కి పెరిగింది. వరదలు, పాలక పార్టీ మీద కోపం, అమలుకాని హామీలు... కారణాలు చాలా దొరికాయి. అవన్నీ నిజమే కావచ్చు. వరదలో మా ఇళ్లూ మునిగాయి. మా కోపం మాత్రం ఎవరి వివరణకీ అక్కర్లేకపోయింది.

మా సభల్లో దీనికి తరచుగా వినిపించే జవాబు 'మేం బయటివాళ్లం కాదు, ఇక్కడి మట్టివాళ్లం' అన్నది. నిజమే. నూర్‌బాషాలు, కటికవాళ్లు, ఫకీర్లు అరేబియా నుంచి ఓడెక్కి రాలేదు. కానీ ఈ జవాబు వాళ్ల ప్రశ్నని ఒప్పుకున్నాకే వస్తుంది. అస్సాంలో 2019 ఆగస్టు 31న వచ్చిన పౌర పట్టికలో 19,06,657 మంది పేర్లు లేవు. వాళ్లలో మట్టివాళ్లు లేరా? మట్టికి కాగితం కావాలన్నారు, కాగితంలో స్పెల్లింగ్ సరిగ్గా లేదన్నారు. ఇంకో సంగతి. బాలాపూర్ వైపు రేకుల గుడిసెల్లో ఉన్న రోహింగ్యా నిజంగానే బయటినించి వచ్చినవాడు. బర్మా సైన్యం ఊరు తగలబెడితే పిల్లల్ని ఎత్తుకుని వచ్చాడు. చిత్తుకాగితాలు ఏరి బతుకుతున్నాడు. 'మేం బయటివాళ్లం కాదు' అని మైకులో అన్నప్పుడల్లా ఆ మాట అతని గుడిసె మీద పడుతోంది. లౌకికవాదులూ, మేమూ కలిసి రాసే కరపత్రాల్లో ఇంతవరకూ అతనికి ఒక వాక్యం దొరకలేదు.