సరస్సు అడుగును చదివే విద్య

సరస్సు పైకి ఒకే మట్టంగా కనిపించినా దాని అడుగున మెరకలూ పల్లాలూ, రాతి గుట్టలూ బురద మైదానాలూ ఉంటాయి. ఆహారం, నీడ, తగిన చల్లదనం, ఊపిరికి చాలినంత ఆక్సిజన్ ఎక్కడ కుదిరితే చేప అక్కడికి చేరుతుంది. ఇవన్నీ చాలామటుకు అడుగు నేల తీరును బట్టే ఏర్పడతాయి కనుక, ఆ నేలను చూపే లోతుల పటమూ, పటంలోని చోటికి పడవను చేర్చే జీపీఎస్ పరికరమూ అమెరికా ఉత్తర రాష్ట్రాల గాలపువేటలో విడదీయరాని సాధనాలయ్యాయి.

లోతుల పటానికి ఆధారం సమోన్నత రేఖ, అంటే ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలిపే గీత. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. జలాశయం నిండినప్పుడు నీటి అంచు ఎన్ని వంపులు తిరిగినా దాని మీది ప్రతి చోటూ అదే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ అంచే ఒక సమోన్నత రేఖ అవుతుంది. నీరు 580కి, 570కి దిగినప్పుడు ఏర్పడే కొత్త అంచులను కూడా ఒకే కాగితం మీద గీస్తే మునిగిన లోయ రూపం బయటపడుతుంది. ఆ గీతల్లో ఒకటి, దీవిగా మిగిలిన నాగార్జునకొండ చుట్టూ తిరిగి తనలో తానే కలిసిపోయే వలయంగా కనిపిస్తుంది. సరస్సు పటంలో ఎత్తుకు బదులు నీటి ఉపరితలం నుంచి లోతును సాధారణంగా ఐదు లేదా పది అడుగులకొక గీతగా చూపుతారు.

గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట నేల నిటారుగా దిగుతుంది, ఎడంగా ఉన్నచోట చదునుగా సాగుతుంది. వలయం లోపలికి పోయేకొద్దీ అంకెలు తగ్గితే అది మునిగిన మెరక, పెరిగితే గుంట. ఒడ్డు నుంచి గీతలన్నీ లోతువైపు ముక్కులా పొడుచుకు వస్తే అది నీటిలోకి సాగిన నేల కొమ్ము. చేపలు పెద్ద నీటి నుంచి మేతకు మెరక వైపు వచ్చేటప్పుడు ఇలాంటి కొమ్ములనూ అంచులనూ దారులుగా వాడుకుంటాయన్న అవగాహనను గాలపువేటగాళ్లలో విస్తృతంగా పాదుకొల్పినవాడు ఉత్తర కరోలినాకు చెందిన బక్ పెర్రీ. ఒడ్డున కనిపించే పొదల వెంట తిరగడం మాని, కంటికి కనబడని నేల ఆకారం వెంట ఎరను నడిపించాలన్నది అతని బోధనల సారం.

ఈ పటాలు తేలికగా తయారైనవి కావు. పాత రోజుల్లో తాడుకు సీసపు గుండు కట్టి వదిలి లోతు కొలిచేవారు. శీతల ప్రాంతాల్లో సరస్సు గడ్డకట్టాక మంచు మీద వరుసగా రంధ్రాలు తొలిచి కొలిచే పద్ధతీ ఉండేది. 1950ల చివరలో కార్ల్ లోరెన్స్ గాలపువేటగాళ్లకు అందుబాటులోకి తెచ్చిన చిన్న సోనార్ ఈ శ్రమను మార్చివేసింది. సోనార్ నీటిలోకి ధ్వనిని పంపి, అది అడుగును తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు లెక్కిస్తుంది. పది మీటర్ల లోతుకు ఈ రాకపోకలు సెకనులో వందో వంతుకు కాస్త మించి పూర్తవుతాయి.

మిన్నెసోటాలోని మిల్‌లాక్స్ సరస్సు ఈ విద్యకు చక్కని ఉదాహరణ. సుమారు 1,32,000 ఎకరాల ఆ సరస్సులో అత్యధిక లోతు 42 అడుగులే. పైనుంచి చూస్తే ఆనవాలు దొరకని ఆ విశాలమైన నీటి కింద, ఉత్తర భాగంలో, ముప్పై అడుగులు దాటిన లోతు నుంచి ఇరవై పైచిలుకు అడుగుల దాకా లేచిన బురద తిన్నెలు అనేకం ఉన్నాయి. ఆ బురదలో బొరియలు చేసుకుని పెరిగే మేఫ్లై పురుగుల పిల్లలు వేసవి ఆరంభంలో రెక్కలు తొడగడానికి పైకి ఈదుతాయి, వాటి కోసం వాలై అనే చేపలు తిన్నెలను చేరుకుంటాయి. అనుభవజ్ఞులు తిన్నె నడిమధ్యన కాక దాని అంచు వెంట, ముఖ్యంగా అంచు గీత లోపలికి మడతపడిన చోట, ఎరను మెల్లగా నడిపిస్తారు.

అలాంటి మడత కొన్ని గజాలకు మించకపోవచ్చు. పూర్వం ఒడ్డున ఒక చెట్టునూ దాని వెనుక ఒక కొండనూ ఒక వరుసలోకి తెచ్చుకుని, మరో దిక్కున అలాంటి జంటనే చూసుకుని, రెండు చూపులూ కలిసే చోట పడవ నిలిపేవారు; పొగమంచు పడితే ఆ గురుతులు పనికిరావు. జీపీఎస్ ఆ పనిని ఉపగ్రహాలకు అప్పగించింది. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌర సంకేతంలో కావాలని కలిపిన దోషాన్ని తొలగించడంతో, వంద మీటర్ల దాకా ఉండే పొరపాటు పది ఇరవై మీటర్లకు తగ్గింది, నేటి పరికరాల్లో ఇంకా తగ్గింది. అక్షాంశంలో ఒక నిమిషం 1,852 మీటర్లు కాబట్టి, తెరపై నిమిషం తర్వాత మూడో దశాంశ స్థానంలో ఒక్క అంకె మారితే పడవ రెండు మీటర్లకు లోపే జరిగినట్టు. ఆ చోటును గురుతుగా భద్రపరచి, సోనార్‌తో సరిచూసుకుని, గాలికి పడవ కొట్టుకుపోతే తిరిగి రావడానికి బరువు కట్టిన బెండు ఒకటి వదులుతారు.

పటం చెప్పనివీ ఉన్నాయి. లోతైన సరస్సుల్లో వేసవిలో పైనున్న వెచ్చని నీటికీ కిందనున్న చల్లని నీటికీ మధ్య ఉష్ణోగ్రత చప్పున పడిపోయే పొర ఏర్పడుతుంది. దాని కింద ఆక్సిజన్ తరిగిపోతే పటంలో ఎంతో ఆశ గొలిపే గుంట కూడా చేపలు లేక ఖాళీగా ఉంటుంది. జలాశయాల్లో నీటిమట్టం ఇరవై అడుగులు తగ్గితే, నిండు మట్టానికి గీసిన నలభై అడుగుల గీత దగ్గర ఇరవై అడుగుల నీరే మిగులుతుంది.

అక్షాంశ రేఖాంశాల భాష తెలుగు తీరానికీ కొత్త కాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు చూపే సముద్ర ఉష్ణోగ్రతనూ పత్రహరితాన్నీ పరిశీలించి, చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల దిక్కు, దూరం, లోతులను మత్స్యకారులకు తెలియజేస్తోంది. అక్కడ సూచన మైళ్ల విస్తీర్ణానికి సంబంధించినది, సరస్సులో అది కొన్ని గజాలకు కుదించుకుపోతుంది. ఆ కుదింపులోనే ఒక బాధ్యత కూడా ఉంది. ఒక కుటుంబం ఏళ్ల తరబడి తిరిగి కనుగొన్న చోటును ఇప్పుడు రెండు సంఖ్యలుగా క్షణంలో పంచవచ్చు, దాని మీద ఎన్ని పడవలైనా వాలవచ్చు. 1837 నాటి ఒడంబడిక హక్కులున్న ఒజిబ్వే ఆదివాసీ జాతులూ రాష్ట్ర ప్రభుత్వమూ చేపల పట్టుబడిని వాటా వేసుకునే మిల్‌లాక్స్‌లో 2016 సీజన్‌లో గాలపువేటగాళ్లు పట్టిన ప్రతి వాలైనీ తిరిగి నీటిలో వదలవలసి వచ్చింది. అయినా వాళ్లు తిన్నెల అంచులకు వెళ్లారు, చేపను పట్టారు, చేయి తడుపుకుని గాలం విప్పి వదిలారు.