టికెట్టు లేని పాట

ఎండాకాలం రాత్రి ఆరుబయట కూర్చుని, పైసా ఖర్చు లేకుండా ఆటా పాటా ఆనందించడం మన పల్లెల సంస్కృతి అని రాసేవాళ్లకు కొదవ లేదు. చిందు భాగోతం, ఒగ్గు కథ, శారద కథ, భజన, కవ్వాలి ఏదైనా సరే, ఆ వ్యాసాలన్నిటిలో 'ఊరందరిదీ' అన్న మాట తప్పక ఉంటుంది. గేటు లేదు, టికెట్టు లేదు, కుర్చీల వరసల్లో తేడా లేదు. నిజమే. అయితే ఆ 'ఊరందరి'లో మా అమ్మ ఉందా?

మాది జహీరాబాద్ దగ్గర పల్లె. కోతలైపోయి చేతిలో పని తగ్గాక చిందోళ్లు వచ్చేవాళ్లు. మాదిగవాడలో ఇళ్ల మధ్య ఖాళీ జాగాలో ఆట. అందరూ తిన్నాక మొదలై తెల్లారేదాకా సాగేది. మా ఇంటి మగవాళ్లు వెళ్లి ఒక పక్కన నిలబడి చూసి వచ్చేవాళ్లు. అమ్మ గిన్నెలు తోమి, మర్నాటికి నీళ్లు నింపి, మిద్దె మీద పక్కలు పరిచాక అక్కడి నుంచే వినేది. మద్దెల, తాళాలు, హార్మోనియం, గాలివాటాన్ని బట్టి అప్పుడప్పుడు ఒక గొంతు. "మనం పోయి సూద్దామే" అంటే, "ఇంటున్న గద బిడ్డా, సూసుడెందుకు" అనేది. అలా ఎన్నో ఎండాకాలాలు భాగోతం విన్నది. ఒక్కసారీ చూడలేదు.

దీన్ని 'ఆడవాళ్లకు రాత్రి బయటికి వెళ్లే స్వేచ్ఛ లేదు' అని ఒక్క వాక్యంలో తేల్చేయడం సులువు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ మాదిగవాడ ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో వేసుకుని ముందు వరసలోనే కూర్చునేవాళ్లని మా చేలో పనికి వచ్చే అక్క చెప్పేది. అమ్మని ఆపింది ఆడపుట్టుక ఒక్కటే కాదు. ఆ వాడలో మన ఆడవాళ్లు కూర్చోకూడదన్న కులగర్వం కూడా. మొదటిది మేం భరించింది, రెండోది మేం చేసింది. రెంటినీ ఒకే గంపలో వేసి స్త్రీల సమస్య అంటే, చేసిన పాపం కూడా బాధితుల ఖాతాలో చేరిపోతుంది.

ఇక 'ఉచితం' అన్న మాట సంగతి. చిందోళ్లు మాదిగల ఆశ్రిత కులం. మాదిగ ఇళ్లలో ఆడి, అడిగి పుచ్చుకోవడం వాళ్ల మిరాసి హక్కు. ఆ కళను నిలబెట్టింది కూలి చేసుకునే ఇళ్లు తమ గింజల్లోంచి తీసి ఇచ్చిన వాటా. దూరంగా నిలబడి చూసిన మా నాన్నకీ, మిద్దె మీద విన్న మా అమ్మకీ అది ఉచితం. ఆ ఖర్చు భరించినవాళ్లకు కాదు. మన జానపద విమర్శ ఈ లెక్క చూపకుండా 'ప్రజల కళ' అని ఊరుకుంటుంది.

ఆడేవాళ్ల వైపు నుంచి చూద్దాం. కూచిపూడి సంప్రదాయంలో ఆడవేషాలు కూడా చాలాకాలం మగవాళ్లే కట్టారు. చిందులో ఆడవాళ్లు వేషం కట్టి రాత్రంతా జనం ముందు నిలబడ్డారు. 2005లో చనిపోయిన నిజామాబాదు జిల్లా కళాకారిణి చిందుల ఎల్లమ్మ ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టింది. మన నాటకరంగ చరిత్రలు రాసేటప్పుడు 'స్త్రీలు రంగస్థలం ఎక్కిన తొలి రోజులు' అని పట్నం నాటక సమాజాల నుంచి లెక్క మొదలుపెడతాం. వాడలో నేల మీద ఆడినవాళ్లు ఆ లెక్కలోకి రారు. వాళ్లు ఎక్కడానికి రంగస్థలం లేదు కదా!

అలాగని ఆ ప్రపంచాన్ని స్త్రీల స్వర్గంగా చూపించలేం. ఎల్లమ్మ దేవత పాట ఎంత శక్తిమంతమో, ఆ దేవత పేరుతో దళిత ఆడపిల్లల్ని జోగినులుగా వదిలిన ఆచారం అంత దుర్మార్గం. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది. పాటని మెచ్చుకునేవాళ్లు ఆ చట్టం ఎందుకు కావలసివచ్చిందో కూడా చెప్పాలి.

ఈ ప్రశ్నలన్నిటికీ మా ప్రాంతం నుంచే ఒక జవాబు వచ్చింది. 1983 నుంచి జహీరాబాద్ పల్లెల్లో పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాలు మాచనూరులో సంఘం రేడియో పెట్టుకున్నాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు క్రికెట్ ప్రసారాల తగాదాలో వచ్చింది. 2006 విధానం స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తెరిచింది. 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినాన, ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ చేతుల మీదుగానే ఈ రేడియో మొదలైంది. దాన్ని నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. జొన్న, సజ్జ, కొర్ర, సామల ముచ్చట్లు, విత్తనాల సంగతులు, నాట్లప్పటి, కలుపులప్పటి పాటలు వాళ్ల యాసలోనే సాయంత్రం పూట వినిపించాయి.

విమర్శకురాలిగా నన్ను కదిలించింది ఆ యాస కాదు, వినేచోటు. రొట్టె చేస్తూ వినొచ్చు, వాకిట్లో మంచం వాల్చుకుని వినొచ్చు. చాకిరీ వదిలి రాలేని మనిషి దగ్గరికి పాటే నడిచి వచ్చింది. ఇన్నాళ్లూ మనం లెక్కలోకి తీసుకోని టికెట్టు ఏమిటో అప్పుడు అర్థమైంది. అది ఆమె సమయం. బయటి పాటకు మగవాడు ఏమీ ఇవ్వనక్కర్లేదు. ఆడది మాత్రం ముందు వంటా గిన్నెలూ నీళ్లూ చెల్లించి రావాలి.

కానీ ఇక్కడే నాకొక అనుమానం కూడా ఉంది. పాట పొయ్యి దగ్గరికి వచ్చింది, మంచిదే. ఆమె పొయ్యి దగ్గరి నుంచి లేవాల్సిన అవసరం మాత్రం అలాగే మిగిలింది. మిద్దె మీద వినే అమ్మకీ, రొట్టె చేస్తూ వినే ఆడవాళ్లకీ ఒక్క తేడా ఉంది. రేడియోలో పాడేదీ, ఏం పాడాలో తేల్చేదీ వాళ్లే. అది చిన్న తేడా కాదు. అయినా నలుగురి మధ్య, రాత్రిపూట, ఆకాశం కింద, రేపటి పని గుర్తు లేకుండా కూర్చునే సుఖానికి అది బదులు కాదు. సంఘం ఆడవాళ్లకు ఈ విషయం తెలుసు. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో విత్తనాల బండ్ల వెంట ఊరూరా పాడుతూ నడిచిందీ వాళ్లే.

మనం సాంస్కృతిక కార్యక్రమాల మీద రాసేటప్పుడు ఎవరు ఎంత బాగా పాడారో రాస్తాం. ఎవరు ఏ వేళకు వచ్చారు, ఎవరు సగంలో లేచి వెళ్లారు, ఏ పని కోసం వెళ్లారు, అసలు రానివాళ్లు ఎవరు అన్నది కూడా రాద్దాం. ఆరుబయట పాట నిజంగా ఊరందరిదీ కావాలంటే ఆ రాత్రి గిన్నెలు ఎవరు తోమాలో ఊరు తేల్చుకోవాలి. ఏ వాడ వాకిట్లో కూర్చోవడానికి ఎవరికి నామోషీయో కూడా.

"సూసుడెందుకు" అన్న అమ్మకు అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. చూస్తే మనల్ని కూడా వాళ్లు చూస్తారమ్మా, అందుకే.