ముప్పదినాలుగేండ్లు మరుగుపడిన వ్యాసము

గొప్ప పరిశోధన ఎన్నటికైనను తనంతట తానే వెలుగులోనికి వచ్చునని ఒక నమ్మకము కలదు. గ్రెగర్ మెండెల్ రచించిన ‘మొక్కల సంకరములపై ప్రయోగములు’ అను వ్యాసపు చరిత్ర ఈ నమ్మకమును సమర్థింపదు.

మెండెల్ ఎనిమిదేండ్లు బఠాణీ మొక్కలను పెంచి, ఏడు లక్షణములు తరతరమునకు ఎట్లు సంక్రమించునో లెక్కించెను. ఒక ప్రయోగమున సంకరముల సంతతిలో 5,474 గుండ్రని గింజలు, 1,850 ముడుతలు పడిన గింజలు వచ్చినవి. ఇది ఇంచుమించు 3:1 నిష్పత్తి. నేటి చెక్ దేశములోని బ్రనో నగరమున, ప్రకృతిశాస్త్ర సంఘము ఎదుట 1865లో ఆయన ఈ ఫలితములను చదివెను. 1866లో ఆ సంఘపు సంచికలో అవి అచ్చయినవి. 1900 వరకు వాని విలువను గుర్తించినవారు లేరనియే చెప్పవచ్చును.

పత్రిక చిన్నది గనుక వ్యాసము ఎవరికిని కనబడలేదని సాధారణముగ చెప్పుదురు. ఈ సమాధానము చాలదు. ఆ సంచిక నూటికి పైగా సంస్థలకు పంపబడినది. మెండెల్ 40 విడిప్రతులను కూడ అచ్చు వేయించుకొనెను. వానిలో ఒకటి మ్యూనిక్ నగరమందలి ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు నేగెలికి చేరినది. ఆయన ప్రత్యుత్తరము వ్రాసెనే గాని సారము గ్రహింపలేదు. 1881లో ఫోకె ప్రకటించిన సంకరముల గ్రంథములోను మెండెల్ పేరు కలదు. కావున వ్యాసము గ్రంథాలయముల వరకు చేరి, అచ్చటనే నిలిచిపోయినది.

లోపము కొంత వ్యాసములోనే యున్నది. శీర్షికలో అనువంశికత యను మాటయే లేదు. చూచినవారు దానిని మరియొక సంకరణ ప్రయోగముగ భావించుటలో వింత లేదు. గణితమునకు అలవాటుపడని వృక్షశాస్త్రజ్ఞులకు ఆ అంకెల భావమును విప్పిచెప్పువారును లేకపోయిరి. 1868లో మఠాధిపతియైన పిదప మెండెల్‌కు తీరికయు కరవైనది.

1900లో డి వ్రీస్, కోరెన్స్, చెర్మాక్ అనువారు ఆ వ్యాసమును తిరిగి వెలుగులోనికి తెచ్చిరి. దానికి వ్యాప్తి కలిగించుటలో బేట్సన్ పూనిక ముఖ్యమైనది. 1901లో ఇంగ్లండులోని ఉద్యానశాస్త్ర సంఘపు పత్రికలో ఆంగ్లానువాదము వెలువడినది. 1902లో బేట్సన్ ఆ అనువాదమును తన గ్రంథమున చేర్చి, ఆక్షేపణలకు సమాధానములు చెప్పెను.

నేడు ఇంటర్నెట్టు మూలమున ఒక పరిశోధనాపత్రము క్షణములో ప్రపంచమంతట కనబడవచ్చును. కంటికి అందినంత మాత్రమున అది బుద్ధికి అందదు. తన ఫలితము ఎవరికి, ఎందులకు పనికివచ్చునో పరిశోధకుడు మొదటి పుటలోనే తెలుపవలెను. దానిని ఇతరుల భాషలోనికి తెచ్చి వివరించువాని శ్రమను విశ్వవిద్యాలయములు పరిశోధనకు తోడైన పనిగ గణింపవలెను. మెండెల్ 1884లో మరణించెను. బేట్సన్ వంటి పాఠకుడు ఆయన బ్రతికియుండగా దొరకలేదు.