ఓడ జాబితాల్లో ఊరి పేరు

1860 నుంచి 1911 వరకు లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లారు. వారిలో తెలుగువాళ్లూ ఎందరో. మద్రాసు నుంచి బయల్దేరిన తొలి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ ఓడల్లో వెళ్లినవారి జాబితాలను ఇప్పుడు కంప్యూటర్‌లో వెతకవచ్చు. వాటిలోంచి ఒక కుటుంబం మూలాలు వెలికితీయడం ఎంతో ఓపిక, నేర్పు కావలసిన పని.

పని మొదలయ్యేది ఇంట్లోని పాత పెళ్లి, మరణ ధ్రువపత్రాలతోనే. వాటి మీద ఆ ఒప్పంద కూలీకి ఇచ్చిన నంబరు కనిపిస్తే సగం దారి దాటినట్టే. జాబితాలో ఆ నంబరు తెరిస్తే పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒక్కోసారి ఒంటి మీది మచ్చలు కూడా ఉంటాయి.

నంబరు దొరకనప్పుడే అసలు పనితనం తెలుస్తుంది. గుమాస్తాలు తెలుగు పేర్లను చెవినపడ్డట్టు ఇంగ్లిషులో రాసుకున్నారు. అప్పలస్వామి అన్న ఒక్క పేరే నాలుగు రకాలుగా ఉండవచ్చు. అందుకే చెయ్యి తిరిగినవారు పేరులోని మొదటి కొన్ని అక్షరాలతోనే వెతుకుతారు. విశాఖపట్నాన్ని ‘వైజాగపటం’ అనే పాత స్పెల్లింగుతో కొట్టి చూస్తారు. వయసులో రెండు మూడేళ్ల తేడాను పట్టించుకోరు. అయితే పేరు కలిసినంత మాత్రాన ఒప్పుకోరు. తండ్రి పేరు, ఊరు, వెంట వచ్చిన భార్యాపిల్లల వివరాలు సరిపోవాలి. ఈ పట్టుదలే వారి గొప్పతనం. ఆ తర్వాత, ఒకే పేరున్న ఊళ్లు ఎన్నో కాబట్టి, తాలూకా ఆధారంగా పాత పటాల్లో అసలు ఊరిని తేలుస్తారు.